వెనకబండి తాత

బండి ఎక్కబోయిన ముసలాయన ఇటు ఎక్కి అటు దొర్లి మంచులో పడ్డాడు.

"నెమ్మది తాతా!" అంటూ పరిగెత్తింది రిస్తెన్.

ముసలాయన లేవలేదు. వెల్లకిలా పడుకుని పకపకా నవ్వాడు.

"ఎంత మెత్తగా ఉందో అమ్మాయ్! దీని ముందు మా ఇంట్లో పరుపు ఎందుకూ పనికిరాదు!"

రిస్తెన్‌కి నవ్వు రాలేదు. జనాన్ని తీసుకెళ్ళడం ఆమెకిదే మొదటిసారి.

నార్వే ఉత్తరపు కొసన, కరాషోక్ ఊరవతల మారెత్ పిన్ని నడిపే మంచుబండ్లవి. ఎప్పుడూ పిన్నే ముందు నడిచేది. మొన్న మెట్లమీద జారి కాలు విరగ్గొట్టుకుంది. సముద్రతీరం నుంచి వచ్చి వంటింట్లో సాయపడుతున్న రిస్తెన్ మీద పడింది భారం.

అదీ ఇలాంటి రోజున. చలికాలమంతా మొహం చాటేసిన సూర్యుడు ఇవాళ మధ్యాహ్నం బోడిగుట్ట దగ్గర కాసేపు తొంగిచూసి పోతాడు. అది చూపిస్తామనే జనాన్ని పిలిచింది పిన్ని.

"చూపించలేకపోతే?" అని పొద్దున్నే అడిగింది రిస్తెన్.

"నువ్వు మళ్ళీ అంట్ల దగ్గరికి, నేను నవ్వులపాలు" అంది పిన్ని.

ముందుబండిలో ఓస్లో నుంచి వచ్చిన దంపతులు, సిగ్‌బ్యోర్న్, విగ్దిస్. వెనకబండిలో ముసలాయన. నిగనిగలాడే నారింజరంగు కోటు, కళ్ళదాకా లాగిన ఊలుటోపీ. పేరడిగితే "తాత అను, చాలు" అన్నాడు.

రిస్తెన్ అందరి ముందూ నిలబడింది. బట్టీపట్టిన మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

"ఇవి... ఇవి రెయిన్‌డీర్లు" అంది.

"అది మాకూ కనిపిస్తోంది" అన్నాడు సిగ్‌బ్యోర్న్.

రిస్తెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మాయ్!" వెనకనుంచి కేకేశాడు ముసలాయన. "నా బండి లాగేదానికి ఒక్క కొమ్మే ఉందేం? ఎవరితోనైనా పోట్లాడిందా?"

"లేదు తాతా, రాలిపోయింది. మళ్ళీ మొలుస్తుంది."

"మళ్ళీ మొలుస్తుందా! నా పళ్ళకి ఆ యోగం లేదే!"

విగ్దిస్ ఫక్కుమంది. రిస్తెన్‌కీ నవ్వొచ్చింది. నవ్వుతో పాటు నోరూ పెగిలింది.

బండ్లు కదిలాయి. ముసలాయన నోరు మాత్రం ఆగలేదు.

"నడుస్తుంటే టిక్కు టిక్కుమంటోందేం? దీనికీ కీళ్ళనొప్పులా?"

"కాలి నరం ఎముకమీద జారే చప్పుడు తాతా. మంచుదుమారంలో కూడా ఆ చప్పుడు పట్టుకుని ఒకదాని వెనక ఒకటి పోతాయి."

"అబ్బో! విన్నావా సిగ్‌బ్యోర్న్?"

సిగ్‌బ్యోర్న్ వింటున్నాడు. కాసేపటికి అతనూ అడగడం మొదలెట్టాడు. రిస్తెన్ వెనక్కి తిరిగి చెబుతూ, మధ్యమధ్య పాడుతూ నడిచింది.

సగం దారిలో గాలి లేచింది.

చూస్తుండగానే బాట పూడిపోయింది. నేలా నింగీ ఒక్కటే తెలుపు. దారిచూపే యంత్రం చలికి ఎప్పుడో నోరు మూసుకుంది.

రిస్తెన్ ఆగిపోయింది.

"ఇంతకీ దారి తెలుసా నీకు?" అన్నాడు సిగ్‌బ్యోర్న్.

విగ్దిస్ దిగులుగా ఆకాశం కేసి చూసింది. "ఇంక సూర్యుడు లేడన్నమాట."

రిస్తెన్ తల దించుకుంది. కన్నీళ్ళు రెప్పలమీదే గడ్డకడుతున్నాయి.

"అమ్మాయ్!" మళ్ళీ ముసలాయనే. "ఇందాకట్నుంచీ కిందికే చూస్తున్నావు. మంచుమీద ఏంటవి? దువ్వెనతో దువ్వినట్టు గీతలన్నీ ఒకేవైపున్నాయే?"

తను చూస్తున్నది గీతల్ని కాదు. ఇప్పుడు చూసింది.

"అవా? చలికాలమంతా దక్షిణపుగాలి చెక్కింది తాతా. గట్టిగా ఉంటాయి. పిన్ని చెప్పేది, వాటికి అడ్డంగా పోతే..."

"పోతే?"

"పోతే గుట్టే!" అని అరిచింది రిస్తెన్.

ముందున్న రెయిన్‌డీర్ పగ్గం పట్టుకుని గీతలకి అడ్డంగా నడిచింది. కాసేపటికి కాళ్ళకింద నేల పైకి లేచింది. ఇంకాస్త ఎక్కేసరికి గాలి కిందనే ఉండిపోయింది. మబ్బు చీలింది.

దూరాన కొండల అంచుమీద ఎర్రటి నిప్పుకణిక. అది మెల్లగా బంగారమై పొంగి, మంచుకంతా గులాబీరంగు పూసింది.

 అందరూ ఒక్కసారే కేకలేశారు. సిగ్‌బ్యోర్న్ పెళ్ళాన్ని గిరగిరా తిప్పి, ఆ ఊపులో రెయిన్‌డీర్ ముక్కుమీద కూడా ముద్దుపెట్టాడు.

"వచ్చావా నాయనా!" అని చేతులు చాచి సూర్యుణ్ణి పలకరించాడు ముసలాయన. చెంపలు తడిసినా తుడుచుకోలేదు.

నిప్పు రాజేసి, వేడివేడి మాంసంపులుసు పోసింది రిస్తెన్.

"పుట్టి పెరిగింది ఇక్కడేనా నువ్వు?" గౌరవంగా అడిగాడు సిగ్‌బ్యోర్న్. రిస్తెన్ గర్వంగా తల అడ్డంగా ఊపింది.

తిరిగొచ్చి బస్సెక్కేముందు ముసలాయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బాగా తీసుకెళ్ళావమ్మా. రేపట్నుంచి నీకు భయం వెయ్యదు."

కర్ర పొడుచుకుంటూ గడపలోకి వచ్చింది మారెత్ పిన్ని. రిస్తెన్ ఉత్సాహం పట్టలేకపోయింది.

"చూపించాను పిన్నీ! వెనకబండిలో ఒక తాత. పాపం, ఏమీ తెలీదు. చంటిపిల్లాడిలా అన్నీ అడిగి చెప్పించుకున్నాడు!"

బస్సు కదిలింది. కిటికీలోంచి ముసలాయన టోపీ తీసి ఊపాడు. పిన్నిని చూడగానే పెదవులమీద వేలు పెట్టి, వద్దన్నట్టు తల ఊపాడు.

పిన్ని చేతిలో కర్ర జారిపోయింది.

"ఒవ్లా మామా!" అంటూ ఒంటికాలిమీద గెంతుకుంటూ బస్సు వెంట పడింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

మంచులో కూలబడి నవ్వుతూ ఏడుస్తున్న పిన్నిని లేవదీస్తూ అడిగింది రిస్తెన్. "ఎవరు పిన్నీ ఆయన?"

"ఆ గుట్టకి దారి కనిపెట్టిందీ, నాకు ఈ పని నేర్పిందీ ఆయనేనే పిచ్చిదానా!"