పొగ రాని బండి

భోజనం చేసి వచ్చేసరికి లారీ బానెట్ తెరిచి ఉంది.

ఎవరో ముసలాయన ఇంజన్ మీదికి వంగి ఉన్నాడు. చేతిలో బ్యాటరీ నుంచి ఊడబెరికిన వైరు.

భువనేశ్వరి షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఓయ్, ఆడ ఏం చేస్తా ఉండావు?" మెకానిక్ గిరి పరుగెత్తాడు.

ముసలాయన నింపాదిగా వైరు వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. భుజాన సంచి.

"పొగ వచ్చె పాపా," అన్నాడు పెద్ద గొంతుతో.

"లారీకి పొగ రాకుండా పన్నీరు వస్తాదా?" గిరి వెటకారం చేశాడు.

భువనకి నవ్వు రాలేదు.

తిరువొత్తియూరులోని ఆ షెడ్డు ఆమె మేనమామ ఆదిమూలానిది. కంప్యూటరుతో నడిచే ఇంజన్ ఉన్న ఆ విదేశీ లారీ వచ్చిన రోజే, "దీన్ని మా భువన చూసుకుంటాది" అని తోటి ఓనర్ల ముందు మీసం దువ్వాడాయన. ఆడపిల్ల చేతికి ఇంజన్ అప్పజెప్తావా అని వాళ్ళు నవ్వారు. రేపు హార్బర్లో ఒక కంపెనీ వాళ్ళు బండి పొగను పరీక్షిస్తారు. సెన్సార్లన్నీ సరిగ్గా ఉన్నాయని కంప్యూటరే చెప్పాలి. లేకపోతే బండిని గేటు దాటనివ్వరు.

అన్నీ సిద్ధం చేసి పెట్టుకుంది భువన. ఇప్పుడిది.

"మీరేం చేసినారో తెలుసా? బ్యాటరీ తీస్తే కంప్యూటరు అన్నీ మర్చిపోతాది. నా కష్టమంతా బూడిదలో పోసినారు. ఎవరడిగినారు మిమ్మల్ని?"

ఆయన చిరునవ్వు నవ్వాడు.

"సిగ్గుండొద్దూ పెద్దవాళ్ళకి?"

దానికీ అదే నవ్వు. ఎడమచెయ్యెత్తి ఒక దండం పెట్టి, రైల్వే స్టేషన్ వైపు నడిచి వెళ్ళిపోయాడు.

"పొగరు చూడక్కా. దండం కూడా ఎడమచేత్తోనే," అన్నాడు గిరి.

మర్నాడు తెల్లారగానే ఇద్దరూ బండిని మాధవరం రోడ్డెక్కించారు. కాసేపు నెమ్మదిగా, కాసేపు ఒకే వేగంతో, మళ్ళీ ఆపి, మళ్ళీ తీసి... పసిపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు కంప్యూటరుకి అన్నీ మొదటి నుంచి నేర్పించింది భువన.

సెన్సార్లు ఒక్కొక్కటే సిద్ధమయ్యాయి. పొగగొట్టంలో ఉండేది మాత్రం మొండికేసింది.

"ఎర్రలైటు వెలగలేదు గదక్కా. ఇట్నే పోదాం పా."

"వెలగలేదంటే బాగుందని కాదు గిరీ. కంప్యూటరు దాన్ని ఇంకా చూసుకోలేదని."

షెడ్డుకి తిరిగొచ్చి ఆమె లారీ కిందికి దూరింది. సెన్సార్ వైరు పట్టుకుని వేళ్ళతో తడుముతూ పోయింది. ఇంజన్ వెనక, పైకి కనబడని చోట వేళ్ళు ఆగిపోయాయి.

వేడి గొట్టానికి తగిలి వైరు కరిగిపోయింది. పక్కనున్న బ్యాటరీ వైరు కూడా కాలింది. ఆ మసి డీజిల్ పైపుకి బెత్తెడు దూరం దాకా పాకింది.

ఎవరో ఆ వైర్లను విడదీసి, గొట్టానికి దూరంగా లాగి, తుండుగుడ్డతో కట్టారు.

గుడ్డకి మాడిన చర్మం పొర ఒకటి అంటుకుని ఉంది.

భువన ఆ గుడ్డ విప్పి గిరికి అందించి చుట్టూ చూసింది. షెడ్డులో ఇంకో నాలుగు లారీలున్నాయి. వెనక గోడకి ఆనుకుని జాలరుల గుడిసెలున్నాయి.

"కుడిచెయ్యి కాలిందేమో అక్కా," అన్నాడు గిరి మెల్లగా.

కొత్త వైరు అతికించి, బండిని మళ్ళీ మాధవరం దాకా నడిపించింది. ఈసారి ఒక్క సెన్సారూ మొండికేయలేదు.

హార్బర్లో పొగగొట్టం దగ్గర పెట్టిన తెల్ల కాగితం దాదాపు తెల్లగానే ఉండిపోయింది. కంపెనీ ఇంజనీరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎవరు రెడీ చేసినారు ఈ బండి?"

"మా అక్క కూతురు," అన్నాడు ఆదిమూలం. ఆ మాట గేటు దాకా వినబడింది.

నిన్నటిదాకా నవ్విన ఓనర్లు పక్కకి జరిగి ఆమెకి దారిచ్చారు. భువన తల పైకెత్తి వాళ్ళ మధ్య నుంచి నడిచింది.

"నేనొక్కదాన్నే కాదు మామా," అంది బయటికొచ్చాక. "ఇంకొకాయన కూడా ఉండాడు. నేను పోయి ఆయన్ని చూడాల."

స్టేషన్ పక్కన టీకొట్టు గోవిందమ్మకి ఆ దారిన పోయే వాళ్ళందరూ తెలుసు. తెల్ల చొక్కా, సంచి అనగానే ఆనవాలు పట్టింది.

"చెయ్యి కాలిందా? అయితే చిన్నప్పన్నే. పొద్దున రైలుకి సూళ్ళూరుపేట పోయినాడు పాపా. సొంతూరు. ఇంక ఈ పక్క రాడు."

భువన బెంచీ మీద కూర్చుంది.

"నోటికొచ్చినట్టు తిట్టినాను గోవిందమ్మా. నవ్వుతా నిలబడినాడేగానీ ఒక్క మాట తిరిగి అనలేదు."

గోవిందమ్మ టీ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది. సొంత అన్న గురించి చెబుతున్నట్టు ఆమె ముఖం వెలిగింది.

"నీ తిట్లు ఆయనకి యాడ వినబడినాయి పాపా, జీవితమంతా ఫైరింజన్ మీద నిలబడిన మనిషి, గోడౌన్లో చిక్కుకున్న కూలీలను మోసుకొచ్చేటప్పుడు పేలుడికి రెండు చెవులూ పోయినాయి, నిన్ననే రిటైరై, ఆఖరి మంట కూడా నేనే ఆర్పినానని మురిసిపోతా రైలెక్కినాడు."