తెర మీద సున్నా

"మీ బావ తెర మీద గ్యాస్ రీడింగు చూసుకోకుండా గోతిలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నారని అంటున్నారంతా. నిజమేనా అన్నయ్యా?" ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో నిలబడి అడిగింది చెల్లెలు.

"పచ్చి అబద్ధం. చూసే దిగాడు. గోతిలో విషవాయువు సున్నా అని ఉంది."

ఆ తెరను నడిపే ప్రోగ్రాం రాసింది అన్నయ్యే. ప్యానెల్ తెరిచి గ్యాస్ మీటరు తీగ పట్టుకుంటే, తుప్పుపట్టిన కొస ఊడి చేతికొచ్చింది. తెర మీద సున్నా మాత్రం చెక్కు చెదర్లేదు.

"తీగ తెగితే మిషన్‌కి తెలీదా?"

"తెలుస్తుందమ్మా. గ్యాస్ లేకపోయినా తీగలో నాలుగు మిల్లీ ఆంప్స్ కరెంటు వస్తూనే ఉండాలి. దాన్నే తెర సున్నాగా చూపిస్తుంది. ఆ కరెంటు కూడా రాకపోతే మైనస్ చూపిస్తుంది."

"మరి చూపించలేదే?"

పోయిన నెల బావే వచ్చి అన్నయ్య భుజమ్మీద చెయ్యేశాడు. "గంటకోసారి ఆ మైనస్ వచ్చి బుర్ర తినేస్తోంది బావా! నీకు దండం పెడతా, తీసిపారెయ్." సున్నాకంటే తక్కువ ఏమొచ్చినా సున్నాగానే చూపించమని, నవ్వుతూ ఒక్క లైను రాసిచ్చాడు తను.

"నేనే తీసేశానమ్మా."

చెల్లెలు ఆ తీగ కొసను తన చేతిలోకి తీసుకుంది. "ఎవరు తీయమన్నారు?"

"ఎవరూ అనలేదు."