బెంచీ మీద ఆవిడ

"మళ్లీ తయారయ్యారా?" అంది లాయరమ్మ.

కోర్టు హాలు బయట బెంచీ మీద, నర్సు చెయ్యి పట్టుకుని కూర్చున్న పెద్దావిడ తలెత్తి చూసింది. ఆ నర్సు లాయరమ్మ క్లయింటు.

"ఎప్పుడు చూసినా నా క్లయింట్ల పక్కనే ఉంటారేం? నా కేసులు లాక్కురమ్మని ఏ లాయరు పంపాడు మిమ్మల్ని?"

"అయ్యో, ఎవరూ పంపలేదమ్మా. పిల్ల భయపడుతుంటేనూ..."

"ఆ భయం సంగతి నేను చూసుకుంటాను. బ్రోకర్లకి ఇక్కడ పనిలేదు. దయచెయ్యండి."

ఆవిడ నొచ్చుకోలేదు సరికదా, నవ్వింది. నీళ్ల సీసా నర్సు చేతిలో పెట్టి, వంగి చెవిలో ఏదో చెప్పి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

లాయరమ్మ అంతటితో ఊరుకోలేదు. ఆవిడ కనిపిస్తే లోపలికి రానివ్వొద్దని గేటు దగ్గర వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పి మరీ వచ్చింది.

ఆమె కష్టం ఆమెది. ఒకప్పుడు స్థలాల తగాదాలు వాదించేది. అవి వదిలేసి సైబర్ కేసులు పట్టుకుంటానంటే తోటి లాయర్లు పగలబడి నవ్వారు.

"ఫోన్లో బొమ్మల కోసం కోర్టుకెవరొస్తారమ్మా? ఈగలు తోలుకోవడమే!" అన్నారు.

సరిగ్గా అప్పుడే ఒక తీర్పు వచ్చింది. తనకు తెలియకుండా ఇంటర్నెట్‌లో పెట్టిన ఫొటోలు తీయించడానికి ఎవరో ఒకామె ఏళ్ల తరబడి పోరాడి గెలిచింది. కోర్టు ఆమె పేరు దాచి, రికార్డుల్లో 'అనామిక' అని మాత్రమే రాయించింది.

లాయరమ్మ బతుకు నిలబడింది ఆ తీర్పు మీదే. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేస్తుంది.

నర్సుకీ అదే అప్పజెప్పింది. పెళ్లి చెడిందన్న కక్షతో ఒకడు ఆ పిల్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. కేసు వేస్తే తప్ప అవి పోవు. వేస్తే పేరు బయటపడుతుందని ఆ పిల్ల బెంగ.

"నీ పేరు ఎక్కడా రాదు. అనామిక కేసులో చూడు!" అని లాయరమ్మ గొంతు చించుకునేది.

"కాగితం మీద దాస్తారు మేడమ్. రేపు ఎవరో ఒకరు గుర్తుపట్టి వేలెత్తి చూపిస్తే?" అని నర్సు నీళ్లు నమిలేది.

అలాంటిది, ఆ రోజు పెద్దావిడ అటు వెళ్లగానే నర్సు కళ్లు తుడుచుకుంది.

"పెన్నివ్వండి మేడమ్. సంతకం పెడతాను."

తన మాటలు ఇన్నాళ్లకు తలకెక్కాయని లాయరమ్మ తెగ మురిసిపోయింది.

కేసు నడిచింది. పెద్దావిడ మళ్లీ ఆ బెంచీ మీద కనిపించలేదు. పీడా విరగడైందనుకుంది లాయరమ్మ.

ఆఖరికి తీర్పు వచ్చింది. ఫొటోలన్నీ తీసేయాలి. నర్సు పేరు ఎక్కడా బయటికి రాకూడదు.

కోర్టు మెట్లు దిగుతూ ఆ పిల్ల చాలా కాలానికి తలెత్తుకుని నడిచింది. చూసిన లాయరమ్మకి కడుపు నిండిపోయింది.

"రేపటి నుంచి డ్యూటీకి వెళ్తాను మేడమ్."

"వెళ్లు తల్లీ! ఈ ధైర్యమేదో ముందే తెచ్చుకునుంటే నా గొంతు మిగిలేది కదా."

నర్సు నవ్వి, అంతలోనే ఆగిపోయింది.

"ధైర్యం చెప్పింది బెంచీ మీద ఆవిడ మేడమ్. కేసు గెలిచాక మీ ఒక్కరికే చెప్పమన్నారు."

"ఆ బ్రోకరా? నేను ఇన్నిసార్లు చెప్పినా విననిదానివి, ఆవిడ చెవిలో ఊదితే విన్నావా? ఏం చెప్పిందేంటి?"

"'ఆ అనామికని నేనేనమ్మా. నా కేసు రోజూ వల్లించే మీ లాయరమ్మే నన్ను గుర్తుపట్టలేదు చూశావా? ఇంక నిన్నెవరు గుర్తుపడతారు, ధైర్యంగా సంతకం పెట్టు' అన్నారు మేడమ్."