ఎత్తిన చెయ్యి

ఫక్రున్నీసా కూతురి బట్టలు సంచిలో కుక్కుతోంది. నెలలు నిండకుండానే ఆస్రాకు పొద్దుట్నుంచీ రక్తం కనిపిస్తోంది. అంబులెన్సుకు ఫోన్ చేసి అరగంటయింది.

"రెండు దుప్పట్లెందుకమ్మీ? నన్ను కాపరానికి పంపుతున్నావా?" అంది ఆస్రా, పళ్లబిగువున నవ్వుతూ.

"మాట్లాడకుండా పడుకో. ఒకటి నీకు, ఒకటి బిడ్డకు."

ఫోన్ మోగింది. అంబులెన్సు డ్రైవరు.

"కాలువ అవతలి గట్టు మీదున్నానండీ. వంతెన ఏదండీ?"

"వంతెనెక్కడిది నాయనా! తాటిమొద్దే ఉంది. దాని మీద పిల్లను మోసుకురాలేం. చుట్టూ తిరిగి రా."

"చుట్టూ అంటే గంట పైనే పడుతుందండీ. వంతెన పూర్తయిందని మీ ఊరి సభలోనే తేల్చారంట కదా? మాకు ఈ దారే రాసిచ్చారు."

స్పీకర్లో ఆస్రా అంతా విన్నది. "లేని వంతెన ఉందని ఎవరు చెప్పారమ్మీ?"

ఫక్రున్నీసా సంచి జిప్పు లాగబోయి ఆగిపోయింది.

"పోయిన నెల సామాజిక తనిఖీ వాళ్లొచ్చారు. వంతెన అయిందన్నవాళ్లు చేతులెత్తండన్నారు. కాలేదంటే మంజూరు వెనక్కి పోద్ది, అయిందనండి, నెలలోపు కట్టేస్తానని కాంట్రాక్టరు ముందే చెప్పి పెట్టాడు."

"అందరూ ఎత్తారా?"

"ముందు నేనే ఎత్తాను. నన్ను చూసి మిగతావాళ్లు ఎత్తారు. నీ కాన్పు నాటికి వంతెన వచ్చేస్తుందనుకున్నానే."

ఆస్రా తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అంబులెన్సు గుమ్మం ముందుకు వచ్చేసరికి గంటంపావు అయింది. విజయవాడ ఆసుపత్రికి వెళ్లిన ఆస్రా తిరిగి రాలేదు. బిడ్డా రాలేదు. అది ఆగస్టు పద్నాలుగు, గురువారం.