తలుపు ఆట

"అయిదు అనడానికి మీకు నోరెందుకు రావడం లేదు సార్?" అని చిట్టి వాళ్లమ్మ నిలదీసింది. "కిందటిసారి నాలుగన్నారు. ఇవాళ దాని చెయ్యి మీరు లాగినా రాలేదు. నా కళ్లతో చూశాను."

ఫిజియో మాస్టారు చిట్టి మణికట్టు వదిలాడు. కండల బలాన్ని చేత్తో లాగి చూసి, సున్నా నుంచి అయిదు దాకా అంకె వెయ్యడం ఆయన పని. అయిదంటే పూర్తి బలం. నాలుగంటే కాసేపు నిలిచి లొంగిపోయేది. చిట్టికి వచ్చిన జబ్బులో కండలు కరగడమే తప్ప కోలుకోవడం ఉండదు. అంకె దిగుతుంది, మహా అయితే కొన్నాళ్లు ఆగుతుంది. ఎక్కడం మాత్రం ఆయన ఇన్నేళ్లలో చూడలేదు. ఆ సంగతి తల్లికి మాటలు ఏరుకుని, మెత్తగా చెప్పిందీ ఆయనే.

"మళ్లీ చూద్దాం. చిట్టీ, తలుపు వెయ్యి."

అది వాళ్లిద్దరి ఆట. చిట్టి మోచెయ్యి మడిచి పిడికిలి భుజానికి ఆనించింది. తలుపు పడింది. మాస్టారు కుడిచేత్తో ఆ మణికట్టు పట్టుకుని లాగాడు. పిల్ల భుజం ఎగరేస్తోందేమో, ఒళ్లు వెనక్కి వాలుస్తోందేమో అని చూశాడు. దొంగాట ఏమీ లేదు. తలుపు తెరుచుకోలేదు.

"ఓడిపోయారు తాతయ్యా! ఇవాళ అన్నం తినలేదా?"

"తిననిస్తేగా! మీ మామ్మ డబ్బా మూత బిగించేసింది. ఎంత తిప్పినా రాలేదు."

చిట్టి పకపకా నవ్వింది. తల్లి అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

"పెద్ద డాక్టర్లంతా తప్పు చెప్పారు సార్. నా పిల్ల కోలుకుంటోంది. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి చెప్పెయ్యనా?"

ఆ ముఖంలో అంత వెలుగు మాస్టారు ఎన్నడూ చూడలేదు. నమ్మాలని ఆయనకీ ఎంతో ఆశగా ఉంది. కానీ డబ్బా మూత మాట నోట వచ్చినప్పటి నుంచీ మనసులో ఏదో గుచ్చుకుంటోంది. పొద్దున చొక్కా గుండీ కూడా ఓ పట్టాన పడలేదు. గుండీని తిట్టుకున్నాడు. మూతకి భార్యని తిట్టాడు.

"ఒక్క నిమిషం ఆగమ్మా. చిట్టీ, ఇంకొక్కసారి."

ఈసారి ఎడమచేత్తో లాగాడు. తలుపు కాసేపు నిలిచి, మెల్లగా తెరుచుకుంది.

"అదేంటి సార్?" తల్లి చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. "ఇందాక రాలేదుగా?"

ఆమె వైపు చూడడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. స్టూలు లాక్కుని చిట్టి ఎదురుగా కూర్చుని, కుడి మోచెయ్యి మడిచి పిడికిలి భుజానికి ఆనించాడు.

"ఇప్పుడు నా వంతు. తలుపు వేశాను. నీకున్న బలమంతా పెట్టి లాగు."

చిట్టి రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వేలాడింది. మాస్టారు పళ్లు బిగబట్టాడు. చెయ్యి కాసేపు నిలిచింది. తర్వాత ఆయన వద్దనుకుంటూనే ఉండగా, పిడికిలి భుజాన్ని వదిలి ఒళ్లోకి దిగిపోయింది.

చిట్టి చప్పట్లు కొట్టింది.

"అమ్మా! తాతయ్యకి కూడా నాలాగే నాలుగు!"