తిన్నవా బిడ్డా?

గేటు తీసిన మనిషి లుంగీ మీద ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి.

కారు దిగిన రఘుపతిని చూసి నవ్వుతూ అడిగాడు.

"తిన్నవా బిడ్డా?"

రఘుపతికి ప్రాణం లేచొచ్చింది. ఒమాన్‌లోని అల్ సువైక్‌లో, ఖర్జూరం తోటల నడుమ అద్దె ఇంటికి తెలుగు వాచ్‌మన్ ఉంటాడని అతను అనుకోలేదు.

"మనోడే," అన్నాడు భార్య కవితతో మెల్లగా. "ఇగ గండం గడిచినట్టే."

ఆ గండం, అతని తల్లి, వెనక సీట్లోంచి దిగి, గేటు మీది నీలం బోర్డును చూస్తోంది. దాని మీద అన్నీ అరబీ అక్షరాలే. వాళ్లలో ఎవరికీ అవి చదవడం రాదు.

రఘుపతి తల్లి కమలవ్వ విజిట్ వీసా మీద వచ్చినప్పటి నుంచి ఒకటే కోరిక. చనిపోయిన భర్త దేవయ్య పనిచేసిన తోటను ఒక్కసారి చూడాలి. ఊరు సువైక్ అని, బావి పక్కన పెద్ద మామిడిచెట్టు అని, ఆయన చెప్పింది అంతే. రఘుపతి ఎంత వెతికినా ఆచూకీ దొరకలేదు. ఆమె తిరుగు ప్రయాణం దగ్గర పడింది. చివరికి ఫోన్లో ఫొటోలు చూసి, బావి, మామిడిచెట్టు ఉన్న ఈ ఇంటిని ఈద్ సెలవులకు తీసుకున్నాడు.

"నాయిన చేసిన తోట ఇదేనే," అని చెప్పేశాడు.

ఆ అబద్ధం బయటపడితే తల్లి ముఖం చూడలేడు.

ఆ మనిషిని పక్కకు పిలిచాడు.

"ఏ ఊరన్నా నీది?"

"ఇదే ఊరు," అన్నాడతను హిందీలో.

పాపం, ఖల్లివల్లి అనుకున్నాడు రఘుపతి. కాగితాల్లేకుండా ఉండిపోయినవాళ్లు సొంత ఊరు చెప్పరు. ఏళ్లు గడిచి తెలుగు కూడా మరిచినట్టున్నాడు. గుచ్చి గుచ్చి అడగబుద్ధి కాలేదు. తనూ హిందీలోకి దిగాడు.

"ఒక్క సాయం చెయ్యన్నా. మా అవ్వ అడిగితే, దేవయ్య ఈ తోటలోనే పనిచేసిండని చెప్పు. మా నాయిన పేరు అది."

అతను కమలవ్వ వైపు చాలాసేపు చూశాడు.

"చెప్తా," అన్నాడు.

చెప్పడమా? ప్రాణం పోశాడు. ఆమెను చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్లాడు. దేవయ్య మంచం ఇక్కడే వేసుకునేవాడన్నాడు. ఈ మామిడిచెట్టు ఆయన నాటిందే అన్నాడు. పచ్చిపులుసు లేనిదే ఆయనకు ముద్ద దిగేది కాదన్నాడు. రఘుపతి అన్నీ తెలుగులో చెబుతుంటే కమలవ్వ కళ్లు తుడుచుకుంటూ తలూపింది.

పచ్చిపులుసు వద్దనే తెలంగాణోడు ఎవరుంటారు, భలే అల్లాడు అనుకున్నాడు రఘుపతి.

కమలవ్వ చెట్టుకు చెంప ఆనించి నిలబడింది. తర్వాత సంచిలోంచి అల్లం తొక్కు సీసా తీసి అతని చేతిలో పెట్టింది.

"మంచిగ తిను బిడ్డా," అన్నాడతను ఆమెతో.

"నన్ను వట్టుకొని బిడ్డా అంటడేందిరా," అని కమలవ్వ నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి చాలా కాలమైంది.

సెలవులు అయిపోయాయి. వెళ్లేటప్పుడు రఘుపతి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అబద్ధం ఎంత మంచిగ చెప్పినవన్నా. నీ మేలు మరువ."

అతను కారు తలుపు తీసి పట్టుకున్నాడు.

"పైలం బిడ్డా," అన్నాడు.

కారు మస్కట్ దగ్గర పడింది. కమలవ్వ వెనక సీట్లో హాయిగా నిద్రపోతోంది. ఇల్లు ఇప్పించిన కడప ఇమ్రాన్ ఫోన్ చేశాడు.

"ఇల్లు ఎట్లుండె భాయ్?"

"ఇల్లు సరే. మీ తెలుగు వాచ్‌మన్ బంగారం లాంటి మనిషి."

"తెలుగు వాచ్‌మనా? ఆ తోటకు వాచ్‌మన్ ల్యాడే."

"లుంగీ కట్టుకుంటడు. అందరిని బిడ్డా అంటడు."

ఇమ్రాన్ నవ్వాడు.

"ఆయప్ప అర్బాబ్ భాయ్, తోట ఆయప్పదే. ఒమానీ. పసితనంలో తల్లి పోతే తోటలో పనిచేసే తెలుగాయన సాకినాడంట. అందుకే తెలుగులో చిన్నపిల్లోళ్లతో మాట్లాడే మాటలు తప్ప ఇంగోటి రాదు."

రఘుపతి కారు పక్కకు ఆపాడు.

"గేటు మీద బోర్డు చూళ్లేదా? ఆ పెద్దాయన పేరే పెట్టినాడు... దేవయ్య తోట అని."