లావు తీగలు

"ఎన్నాళ్ళయిందమ్మా ఈ లావు తీగల్ని ముట్టుకుని? చిలుము పట్టి మూలుగుతున్నాయి" అన్నాడు తూరె.

పియానోలు శ్రుతి చేయడం అతని పని. మోకాళ్ళ మీద కూర్చుని ఆ చిన్న పియానో ముందు పలక ఊడదీశాడు.

"ముట్టుకోనిస్తేగా!" అంది రాగ్నా. "కింద వాటాలో ఒక ముసలాడు. నా పాట అయిందో లేదో, గొట్టం మీద ఠంగ్ ఠంగ్!"

"అయ్యాక కొడితే ఏం లాభం? మొదట్లోనే కొట్టాలిగా!"

"నవ్వకు. పడ్డదాన్ని నేను."

స్వీడన్‌లో ఆ మిల్లు ఊరి వాటాలన్నిట్లో అదే తీరు. కోపమొస్తే ఎవడూ మెట్లెక్కి రాడు. ఇళ్ళకు వేడినీళ్ళు మోసే గొట్టాన్ని కొడతాడు. నోరు ముయ్యమని. అవతలివాళ్ళూ దిగి వెళ్ళి అడగరు. మెట్ల మీద మనిషి లేడని తలుపు కన్నంలోంచి చూసుకున్నాకే చెత్త సంచితో బయటికొస్తారు. మర్యాదట! మనిషి మొహం మనిషి చూడకుండా బతకడానికి పెట్టుకున్న ముద్దుపేరు.

"ఒక్కసారైనా ఆయనతో మాట్లాడారా?"

"వెనకనుంచి పలకరించాను. తిరిగి చూస్తే ఒట్టు! అంత పొగరు. ఆనాటినుంచి పై సన్న తీగల మీదే వాయించుకున్నా, పిల్లి నడిచినట్టు. ఠంగు ఆగింది. తర్వాత నాకే విసుగొచ్చి మూత వేసేశాను."

"మరి ఇప్పుడు?"

"పోయాడుగా. పీడ వదిలింది. ఇక నా ఇష్టం."

అనేసిందే గానీ, ఆ మాట ఆమెకే రుచించలేదు. భర్త పోయాక ఆ ఇంటికి బయటినుంచి వచ్చిన చప్పుడు ఆ ఠంగు ఒక్కటే.

"పొట్టి పియానో, పొట్టి తీగలు. ఈ అడుగు స్వరాలకి శ్రుతి చూసే యంత్రం పనికిరాదు, చెవే దిక్కు" అంటూ తూరె తీగ చుట్టిన మేకు తిప్పాడు. మీట నొక్కాడు. జంట తీగలు కాసేపు పోట్లాడుకున్నాయి. అలల్లా ఊగాయి. చివరికి ఒకే గొంతయ్యాయి.

గదిలో ఇంకేదో గుర్రుమంది.

"గొట్టమమ్మా! మీ తీగతోపాటు వణుకుతోంది. చెయ్యి పెట్టి చూడండి."

పెట్టింది. వణుకు అరచేతిలోంచి మోచేతి దాకా పాకింది.

అంతలో ఎవరో తలుపు తట్టారు. ఆ మెట్ల మీద ఎవరూ చేయని పని.

కింద వాటా ఖాళీ చేస్తున్న మాయ్. ముసలాయన మేనకోడలు. చేతులనిండా దుమ్ము.

"గొట్టం వణికింది, పరిగెత్తుకొచ్చాను. మీరున్నారా! పైన మనిషి చచ్చిపోయిందని ఏడ్చాడమ్మా మా అల్వార్ మామయ్య."

"నాకోసమా? నా వాయింపు పడక గొట్టం కొట్టిన మనిషా?"

"పడకపోవడమా! మంచం గొట్టానికి ఆనించి వేసుకున్నాడు. పాట అవగానే చెంచాతో కొట్టేవాడు, ఇంకోటి కావాలని. మీరు ఆపేశాక కూడా ఆ గొట్టం మీంచి చెయ్యి తియ్యలేదు. పోయేటప్పుడూ అక్కడే ఉంది."

తూరె పనిముట్టు కింద పెట్టాడు.

"అంత ఇష్టంగా వినేవాడా?" రాగ్నా మళ్ళీ గొట్టం మీద చెయ్యి వేసింది.

"వినడమేంటమ్మా? ఆ లావు తీగల వణుకు చేతికి తెలిసేదంతే, మామయ్యకి పుట్టు చెవుడు."